దొంగ ఓటును పట్టుకోవడం ఎలా: ఓటర్ల జాబితా నుంచి కౌంటింగ్ టేబుల్ దాకా

పోలింగ్ రోజు రాత్రి పదిన్నర. మా బూత్‌లో ప్రిసైడింగ్ ఆఫీసర్ ఈవీఎం పెట్టెలకు సీళ్లు వేస్తున్నారు. నా పక్కన కూర్చున్న ఇంకో పార్టీ ఏజెంటు, పాతికేళ్లు కూడా ఉండవు, "అన్నా, బండి వచ్చింది, వెళ్తున్నా, ఆకలి దంచేస్తోంది" అని లేచాడు. "17సీ తీసుకున్నావా?" అని అడిగాను. "అదేంటన్నా?" అన్నాడు.

పొద్దున ఐదింటికి వచ్చి పదిహేడు గంటలు బల్ల మీద కూర్చున్న మనిషి, ఆ కష్టానికంతా రుజువుగా నిలిచే ఒక్క కాగితం, బూత్‌లో ఎన్ని ఓట్లు పడ్డాయో రాసిచ్చే ఫారం 17సీ, తీసుకోకుండా ఇంటికి పోతున్నాడు. మర్నాడు ఆ ఊళ్లో రిగ్గింగ్ జరిగిందని టీవీలో గొడవైతే, అతను ఏం చూపిస్తాడు?

నేను చాలా ఎన్నికల్లో పోలింగ్ ఏజెంటుగా, రెండుసార్లు కౌంటింగ్ ఏజెంటుగా కూర్చున్నాను. ఏ పార్టీ తరఫున అన్నది ఇక్కడ అనవసరం. మోసం జరిగిందని చెప్పేవాళ్లు వందమంది ఉంటారు, చూపించగలిగేవాళ్లు ఇద్దరో ముగ్గురో. ఆ ఇద్దరి దగ్గరా ఉండేది ఒకటే: నంబరు, టైము, సంతకం ఉన్న కాగితం. ఆ కాగితాలు ఏవి, ఎప్పుడు ఎలా సంపాదించాలి అన్నదే ఈ మార్గదర్శి. మామూలు ఓటరుకు పనికొచ్చేవి మొదట్లో, ఏజెంట్లకు పనికొచ్చేవి తర్వాత ఉంటాయి. ఇందులో చెప్పేది అసెంబ్లీ, లోక్‌సభ ఎన్నికల సంగతి. పంచాయతీ, మున్సిపల్ ఎన్నికలు నడిపేది రాష్ట్ర ఎన్నికల సంఘం, వాటి రూల్స్ వేరు.

మొదటి అడుగు: జాబితా

అందరి చూపూ ఈవీఎం మీద ఉంటుంది. నా అనుభవంలో మాత్రం సగానికి పైగా తప్పుడు పనులు పోలింగ్‌కు నెలల ముందే, ఓటర్ల జాబితాలో జరిగిపోతాయి. అవి రెండు రకాలు. లేని మనిషిని చేర్చడం, ఉన్న మనిషిని తీసేయడం.

తీసేయడం ఎంత తేలికో తెలుగువాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు. 2019 ఎన్నికల ముందు ఆంధ్రప్రదేశ్‌లో ఫారం 7 దరఖాస్తులు లక్షల్లో వచ్చి పడ్డాయి. ఫారం 7 అంటే ఫలానా పేరు తీసేయమని అడిగే కాగితం. చాలా వాటిలో దరఖాస్తు పెట్టినట్టు ఉన్న మనిషికే ఆ సంగతి తెలియదు. పోలీసు కేసులు పెట్టాల్సి వచ్చింది. ఉరవకొండలో నియమాలు పాటించకుండా ఓట్లు తొలగించారని 2023లో ఇద్దరు జడ్పీ సీఈఓలు సస్పెండయ్యారు. తెలంగాణలో 2018 డిసెంబరు పోలింగ్ రోజు కార్డు చేతిలో పట్టుకుని వచ్చి, జాబితాలో పేరు లేక వెనక్కి వెళ్లినవాళ్లు ఎంతమందంటే, రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారే క్షమాపణ చెప్పారు. పక్కన కర్ణాటకలోని అళందలో ఆన్‌లైన్‌లో వచ్చిన 6,018 తొలగింపు దరఖాస్తులను విచారిస్తే, సరైనవి 24 మాత్రమే అని తేలింది.

కాబట్టి మీరు చేయాల్సిన మొదటి పని: కార్డు ఉంది కదా అని ఊరుకోకండి. కార్డు గుర్తింపు పత్రం మాత్రమే, ఓటు ఉండేది జాబితాలో. ఏడాదిలో కనీసం రెండుసార్లు, నోటిఫికేషన్ రాబోతోందని వినగానే మూడోసారి, ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో గానీ యాప్‌లో గానీ ఎపిక్ నంబరు (ఓటరు కార్డు మీద ఉండేది) కొట్టి పేరు చూసుకోండి. చూసిన రోజు స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. పేరుతో పాటు పార్టు నంబరు (మీ బూత్ జాబితా నంబరు), వరస నంబరు కనిపించాలి. తర్వాత పేరు పోతే, ఫలానా తేదీకి ఉందని చెప్పడానికి అదే ఆధారం. 1950కి ఫోన్ చేసినా చెబుతారు.

పేరు పోయిందని తెలిస్తే టెన్షన్ పడి పార్టీ ఆఫీసుకు పరిగెత్తకండి. చనిపోయినవాళ్ల సంగతి పక్కన పెడితే, ఇల్లు మారారని గానీ అర్హత లేదని గానీ పేరు తీసేసే ముందు ఆ మనిషికి నోటీసు ఇచ్చి, చెప్పుకునే అవకాశం ఇవ్వాలని చట్టం చెబుతోంది. మీకు నోటీసు రాలేదంటే ఆ ఒక్క మాట మీదే ఓటర్ల నమోదు అధికారికి (ఈఆర్వో) రాతపూర్వకంగా ఫిర్యాదు పెట్టొచ్చు. ఈఆర్వో నిర్ణయం నచ్చకపోతే 15 రోజుల్లో కలెక్టరుకు అప్పీలు, అక్కడా కాకపోతే 30 రోజుల్లో రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారికి రెండో అప్పీలు. పక్కనే ఫారం 6 పెట్టి మళ్లీ ఓటు నమోదు చేసుకోండి. రెండూ చేయండి. అప్పీలు తేలేలోపు ఎన్నిక దాటిపోతే నష్టం మీదే. ఇంకో సంగతి. నామినేషన్ల చివరి రోజు దాటాక జాబితాలో చేర్పులూ ఉండవు, తీసివేతలూ ఉండవు. దరఖాస్తు మీద విచారణకు టైము పడుతుంది కాబట్టి, నామినేషన్ల చివరి తేదీకి పది రోజుల ముందే మీ కాగితం ఆఫీసులో ఉండాలి.

ఇక లేనివాళ్లను చేర్చడం. ఇది పట్టుకోవడానికి ఒక్కడి వల్ల కాదు, ఇద్దరు కావాలి, రెండు ఆదివారాలు కావాలి. మీ బూత్ పార్టు జాబితా డౌన్‌లోడ్ చేసి ప్రింట్ తీయండి. అందులో సుమారు వెయ్యి, పన్నెండు వందల పేర్లుంటాయి. ఇంటి నంబరు వరసన పట్టుకుని వీధిలో నడవండి. నేను చేసే పద్ధతి ఇది. ప్రతి పేరు పక్కనా పెన్సిల్‌తో ఒక అక్షరం రాస్తాను. ఉన్నారు అంటే 'ఉ', ఊరు మారారు అంటే 'మా', చనిపోయారు అంటే 'చ', ఎవరికీ తెలియదు అంటే సున్నా. రెండో ఆదివారం సున్నాలున్న ఇళ్లకే మళ్లీ వెళ్తాను. మొదటిసారి యాభై సున్నాలుంటే రెండోసారికి పది మిగులుతాయి. ఆ పదే అసలు పని.

ఇక్కడ కాస్త నిదానం కావాలి. ఒకే ఇంటి నంబరు మీద నలభై ఓట్లు కనిపించగానే ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టేస్తారు. మన ఊళ్లలో కొత్త కాలనీలకు డోర్ నంబర్లే ఉండవు, బూత్ స్థాయి అధికారి (బీఎల్ఓ) ఒకే నంబరు వేసుకుంటూ పోతాడు. అపార్ట్‌మెంట్ అయితే ఫ్లాట్ నంబరు వదిలేసి బిల్డింగు నంబరు రాస్తారు. నంబరు చూసి మోసం అనలేం, మనిషి ఉన్నాడో లేడో చూడాలి. అలాగే ఒకే పేరు, ఒకే తండ్రి పేరు రెండుచోట్ల ఉంటే వయసు, ఫోటో కూడా పోల్చండి. మా మండలంలో తాత పేరు పెట్టుకున్న మనవళ్లు ఒకే ఇంట్లో ముగ్గురున్నారు.

మన దగ్గర ప్రత్యేకంగా చూడాల్సినవి రెండు. ఒకటి, హైదరాబాద్‌లో ఒక ఓటు, ఆంధ్రాలో సొంతూళ్లో ఒక ఓటు ఉన్నవాళ్లు. రెండు నియోజకవర్గాల్లో పేరుండటమే చట్టానికి విరుద్ధం, తెలిసి తప్పుడు డిక్లరేషన్ ఇస్తే ఏడాది దాకా జైలు. 2024 మే 13న రెండు రాష్ట్రాల్లో ఒకే రోజు పోలింగ్ పడింది కాబట్టి రెండుచోట్లా వేయడం కష్టమైంది గానీ, రెండు పేర్లలో ఒకటి ఖాళీగానే ఉంది. ఆ ఖాళీ పేరు మీద ఇంకెవరో వేస్తారు. రెండోది, విదేశాల్లో ఉన్నవాళ్లు. ఊరి నుంచి అమెరికా వెళ్లి అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్లకు ఇక్కడ ఓటు ఉండదు, పేరు మాత్రం ఏళ్ల తరబడి కదలదు. భారత పౌరులుగానే ఉన్న ప్రవాసులు ఫారం 6ఏ పెట్టుకుని, పోలింగ్ రోజు స్వయంగా వచ్చి వేయాలి. మీ అన్నయ్యో, మేనకోడలో డల్లాస్‌లో ఉంటే వాళ్ల పేరు ఇంకా ఊరి జాబితాలో ఉందేమో మీరే చూడండి. దొంగ ఓటుకు ఇంతకంటే సుఖమైన పేరు దొరకదు, అసలు మనిషి వచ్చి అడగడు కదా.

తిరుపతి సంగతి కూడా గుర్తుంచుకోండి. 2021 లోక్‌సభ ఉపఎన్నిక సమయంలో ఈఆర్వో లాగిన్ దుర్వినియోగం చేసి వేల సంఖ్యలో ఎపిక్ కార్డులు డౌన్‌లోడ్ చేశారన్న వ్యవహారంలో, అప్పుడు ఈఆర్వోగా ఉన్న ఐఏఎస్ అధికారిని 2024 జనవరిలో సస్పెండ్ చేశారు. దాదాపు మూడేళ్లు పట్టింది. కార్డు కళ్లకు అసలైనదిలా కనిపిస్తే చాలదని, బూత్‌లో ముఖం చూడాలని ఆ కేసు చెప్పింది.

మీ సున్నాల జాబితా తయారయ్యాక ఒక్కో పేరుకు ఒక్కో ఫారం 7 పెట్టండి, కారణం రాయండి, మీ పేరూ సంతకమూ పెట్టండి. కట్టలు కట్టలుగా పెట్టకండి, అలా పెట్టేవాళ్ల మీద అధికారులకు ఎలాగూ అనుమానమే. రసీదు తీసుకోండి. తొలగించకుండా మిగిలిన పేర్లలో ఊళ్లో లేనివాళ్లు, ఇల్లు మారినవాళ్లు, చనిపోయినవాళ్లు ఎవరో బీఎల్ఓ ఒక జాబితా చేస్తాడు, దాన్ని ఏఎస్‌డీ జాబితా అంటారు. పోలింగ్ రోజు ప్రిసైడింగ్ ఆఫీసర్ చేతిలో అది ఉంటుంది. మీ 'మా'లూ 'చ'లూ అందులోకి ఎక్కేలా చూసుకోండి.

రెండో అడుగు: డబ్బు, మందు

దీని గురించి ఎక్కువ రాయను, అందరికీ తెలిసిందే. ఇచ్చేవాడిదే కాదు, పుచ్చుకునేవాడిదీ నేరమే. భారతీయ న్యాయ సంహిత 170, 173 సెక్షన్ల కింద ఏడాది దాకా శిక్ష ఉంది. అభ్యర్థి ఖర్చు పరిమితి మన రాష్ట్రాల్లో అసెంబ్లీకి 40 లక్షలు, లోక్‌సభకు 95 లక్షలు. ఆ అంకె వింటే మా ఊళ్లో చిన్నపిల్లలు కూడా నవ్వుతారు.

పట్టించాలంటే సీ-విజిల్ యాప్ ఉంది. ఎన్నికల కోడ్ ఉన్నప్పుడే పనిచేస్తుంది. ఫోటో గానీ వీడియో గానీ యాప్‌లోంచే తీయాలి, గ్యాలరీలో ఉన్న పాత వీడియో ఎక్కించడానికి కుదరదు. మీరు ఎక్కడ నిలబడి తీశారో అదే నమోదు చేసుకుంటుంది. పేరు చెప్పకుండా కూడా పంపొచ్చు. వంద నిమిషాల్లో చర్య తీసుకోవాలన్నది వాళ్ల లెక్క. నా సలహా, డబ్బు చేతులు మారే క్షణం కోసం ప్రాణాల మీదికి తెచ్చుకోకండి. కవర్లు దించుతున్న ఇల్లు, బండి నంబరు, వరసగా ఇళ్లకు తిరుగుతున్న మనుషులు, ఇవి దూరం నుంచి తీసినా ఫ్లయింగ్ స్క్వాడ్‌కు (తనిఖీ బృందానికి) సరిపోతాయి. సాక్ష్యం గట్టిగా ఉంటే ఎన్నికే ఆగిపోతుంది. 2017 ఏప్రిల్‌లో చెన్నై ఆర్కే నగర్ ఉపఎన్నిక, 2019లో వేలూరు లోక్‌సభ ఎన్నిక డబ్బు పంపకాల వల్లే రద్దయ్యాయి.

మూడో అడుగు: ఏజెంటు, మాక్ పోల్

ఏజెంటుగా పంపే మనిషిని అరుపుల్ని బట్టి ఎంచుకుంటారు మనవాళ్లు. తప్పు. ఊళ్లో అందరి ముఖాలూ తెలిసిన మనిషి, చక్కగా రాయగలిగిన మనిషి కావాలి. మా బూత్‌లో నేను చూసిన గొప్ప ఏజెంటు ఒక రిటైర్డ్ అంగన్‌వాడీ టీచర్. ఊళ్లో నలభై ఏళ్లలోపు వాళ్లంతా ఆమె చేతి ఉగ్గు తాగినవాళ్లే. ఒకడు వేరే పేరుతో వచ్చి నిలబడితే "నువ్వు ఫలానావాడి కొడుకువి కాదట్రా?" అంది. వాడు వచ్చిన దారినే పోయాడు.

మిమ్మల్ని ఏజెంటుగా నియమించే ఫారం 10 మీద అభ్యర్థి గానీ, ఎన్నికల ఏజెంటు గానీ సంతకం చేసి ఇవ్వాలి. వెంట తీసుకెళ్లాల్సినవి: గుర్తింపు కార్డు, మీరు గుర్తులు పెట్టుకున్న జాబితా, రెండు పెన్నులు, ఒక నోటుబుక్కు, రెండు రూపాయల నాణేలు ఓ ఐదారు. నాణేలు ఎందుకో కింద చెబుతాను. ఫోన్ బూత్‌లోకి రానివ్వరు, కాబట్టి చేతికి వాచీ ఉండాలి. టైము రాయని ఫిర్యాదుకు విలువ లేదు.

పోలింగ్ 7 గంటలకైతే మాక్ పోల్, అంటే మెషిన్‌ను పరీక్షించడానికి వేసే ఉత్తుత్తి ఓట్లు, 5:30కి. మీరు ఆలస్యమైతే పావుగంట చూసి మీరు లేకుండానే మొదలుపెట్టేస్తారు. ఇది నిద్ర మానుకుని వెళ్లాల్సిన గంట. కనీసం 50 ఓట్లు వేయాలి, నోటాతో సహా ప్రతి బటనూ నొక్కాలి. మీరూ నొక్కండి, దేనికి ఎన్ని వేశారో నోటుబుక్కులో గీతలు పెట్టుకోండి. తర్వాత కంట్రోల్ యూనిట్ (ఓట్లు నమోదయ్యే పెట్టె) ఫలితం, వీవీప్యాట్ (ఓటు ఎవరికి పడిందో చీటీ వేసి చూపే మెషిన్) చీటీల లెక్క, మీ గీతలు, మూడూ కలవాలి. ఆపైన క్లియర్ బటన్ నొక్కి లెక్క సున్నా చేయాలి. వీవీప్యాట్ పెట్టెలోంచి మాక్ పోల్ చీటీలన్నీ తీసి, వెనక ముద్ర వేసి, నల్ల కవర్లో పెట్టి సీలు చేయాలి. పెట్టె ఖాళీ అయిందని మీకు చూపించాలి.

ఒకసారి మా బూత్‌లో ఇదంతా అయిపోయి 7 గంటలకు మొదటి ఓటరు లోపలికి వచ్చేశాడు. నాకెందుకో క్లియర్ నొక్కిన బీప్ విన్నట్టు గుర్తులేదు. "సార్, ఒక్కసారి టోటల్ నొక్కండి" అన్నాను. నొక్కారు. 50 అని వచ్చింది. ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు. పాపం ఎక్కడో మారుమూల బడి పంతులు, ముందురోజు మధ్యాహ్నం నుంచి నిద్రలేదు. మోసం ఏమీ లేదు, మరపు. ఆ 50 అలాగే ఉండిపోతే సాయంత్రం మెషిన్ లెక్కకూ రిజిస్టర్‌కూ పొంతన ఉండేది కాదు, కౌంటింగ్ రోజు ఆ మెషిన్‌ను పక్కన పెట్టేవాళ్లు. ఆ బూత్‌లో వేసిన ఓట్లన్నీ గాల్లో ఉండేవి.

కంట్రోల్ యూనిట్, బ్యాలెట్ యూనిట్ (ఓటరు బటన్ నొక్కేది), వీవీప్యాట్ మూడింటి సీరియల్ నంబర్లు, ఆకుపచ్చ పేపర్ సీలు నంబరు, స్పెషల్ ట్యాగ్ నంబరు, అన్నీ నోటుబుక్కులో ఎక్కించండి. పేపర్ సీలు మీద మీ సంతకం కూడా పెట్టొచ్చు, పెట్టండి. మెషిన్లు ఏ బూత్‌కు వెళ్లాలో రెండు విడతల్లో కంప్యూటర్ లాటరీ తీసి, ఆ జాబితాలు అభ్యర్థులకు ఇస్తారు. మీ బూత్‌కు కేటాయించిన నంబరూ, ఇప్పుడు బల్ల మీద ఉన్న నంబరూ ఒకటేనా? కాకపోతే మెషిన్ ఎప్పుడు, ఎందుకు మారిందో ప్రిసైడింగ్ ఆఫీసర్‌ను రాసిమ్మనండి.

ఈవీఎం హ్యాక్ గురించి నన్ను అడిగేవాళ్లు చాలామంది. నేను ఇంజినీరును కాను. నాకు తెలిసిందల్లా, బ్లూటూత్ అనీ, ఉపగ్రహం అనీ వచ్చే ఫార్వార్డులు చదువుతూ కూర్చునే ఏజెంట్లలో చాలామంది మాక్ పోల్‌కు రారు. మెషిన్ మీద అనుమానం ఉంటే దాన్ని పరీక్షించే అవకాశం 5:30కి ఉంది.

నాలుగో అడుగు: పోలింగ్ నడుస్తుండగా

మొదటి పోలింగ్ ఆఫీసర్ ఓటరు వరస నంబరు, పేరు గట్టిగా చదువుతారు. మీ జాబితాలో ఆ నంబరు కొట్టేయండి. మీరు 'మా', 'చ', సున్నా రాసిన పేరు వినబడగానే తలెత్తి ముఖం చూడండి. అనుమానం వస్తే ఆ మనిషి సంతకం చేసి బటన్ దగ్గరికి వెళ్లకముందే "ఛాలెంజ్" అనాలి. బటన్ నొక్కాక ఎంత అరిచినా దండగే. రెండు రూపాయలు కట్టాలి, నాణేలు ఇందుకే. ప్రిసైడింగ్ ఆఫీసర్ అక్కడికక్కడే విచారణ చేస్తారు, నాన్న పేరు, ఇంటి నంబరు, ఇంట్లో ఇంకెవరున్నారు అని అడుగుతారు. దొంగ అని తేలితే రాతపూర్వక ఫిర్యాదుతో పోలీసులకు అప్పగించాలి. అసలు మనిషే అని తేలితే ఓటు వేయనిస్తారు. ఉత్తుత్తి ఛాలెంజ్ అని తేలితే మీ రెండు రూపాయలు పోతాయి. పోయినా ఫరవాలేదు గానీ, ఎదుటి వర్గం ఓటర్లను ఏడిపించడానికి దీన్ని వాడకండి. ముసలివాళ్లు ఎండలో గంటలు నిలబడి వస్తారు.

అసలు ఓటరు వచ్చేసరికి అతని ఓటు ఎవరో వేసేసి ఉంటే? ఎక్కువమంది తిట్టుకుంటూ ఇంటికి వెళ్లిపోతారు. వెళ్లకూడదు. టెండర్ ఓటు అడగాలి. ఈవీఎంలో కాదు, కాగితం బ్యాలెట్ మీద వేయిస్తారు, ఫారం 17బీలో పేరు రాసి సంతకం తీసుకుంటారు. దాన్ని కౌంటింగ్‌లో లెక్కపెట్టరు. మరి ఎందుకంటారా? ఆ బూత్‌లో దొంగ ఓటు పడిందని ప్రభుత్వమే రాసుకున్న రుజువు అది. రాజస్థాన్ నాథ్‌ద్వారాలో 2008లో సీపీ జోషీ ఒకే ఒక్క ఓటుతో ఓడిపోయారు. ఆ కేసులో టెండర్ ఓట్ల మీద వాదన సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఒక బూత్‌లో ఒక్క టెండర్ ఓటు అంటే ఏదో పొరపాటు అనుకోవచ్చు, ఇరవై ఉంటే రీపోలింగ్ అడగడానికి మీ చేతిలో ఆధారం ఉన్నట్టే.

మోసం మర్యాదగా జరిగే చోటు ఇంకోటి ఉంది. చూపు లేనివాళ్లు, చేతకానివాళ్లు తోడు తెచ్చుకోవచ్చు. ఒక మనిషి ఒక రోజులో ఒక్కరికే తోడు రావాలి, ఫారం 14ఏలో పేరు రాయాలి. మా బూత్‌లో ఒక కుర్రాడు ఒక మామ్మను పట్టుకుని తీసుకొచ్చాడు, ఎంత వినయమో. అరగంటకి ఇంకో మామ్మ. మూడో మామ్మకు ముందే నేను లేచి, "సార్, 14ఏ చూడండి" అన్నాను. రెండో మామ్మ దగ్గర తన పేరు మార్చి రాశాడు, చేతిరాత మాత్రం అదే. మూడో మామ్మ "నాకు కళ్లు కనిపిస్తాయి బాబూ, వీడే రమ్మన్నాడు" అంది.

వీవీప్యాట్ చీటీ అద్దంలో ఏడు సెకన్లు కనిపిస్తుంది. నొక్కిన గుర్తు కాక వేరేది కనిపించిందని ఓటరు అంటే దానికో నిబంధన ఉంది, 49ఎంఏ. ఓటరు రాసిచ్చి సంతకం పెట్టాలి, ఏజెంట్ల ముందు టెస్ట్ ఓటు వేయిస్తారు. నిజమైతే పోలింగ్ ఆపేయాలి. అబద్ధమైతే కేసు. ఓటర్లకు ముందే చెప్పండి, చూడకుండా ఫిర్యాదు చేయొద్దని, చూసి ఊరుకోవద్దని.

రెండు గంటలకోసారి ప్రిసైడింగ్ ఆఫీసర్‌ను టోటల్ నొక్కమని అడగండి. ఎవరికి ఎన్ని పడ్డాయో చూపదు, మొత్తం ఓట్లే చూపుతుంది. ఓటర్లు సంతకం పెట్టే 17ఏ రిజిస్టర్‌లో చివరి వరస నంబరుతో అది కలవాలి. నోటుబుక్కులో టైము వేసి రాసుకోండి. ఒక గంటలో 60 ఓట్లు పడుతున్న బూత్‌లో మధ్యాహ్నం, జనం లేని వేళ గంటకు 150 పడితే ఏదో జరిగినట్టే.

ఇక గుంపు మీదపడి బూత్ పట్టుకుంటే మీరు వీరత్వం చూపించాల్సిన పనిలేదు. క్లోజ్ బటన్ నొక్కమని ప్రిసైడింగ్ ఆఫీసర్‌కు చెప్పండి, మెషిన్ ఇక ఓటు తీసుకోదు. బయటపడి సెక్టార్ ఆఫీసర్‌కు, పరిశీలకుడికి ఫోన్ చేయండి. 2024 మే 13న మాచర్ల నియోజకవర్గం పాల్వాయి గేటు బూత్‌లో ఈవీఎంను నేలకేసి కొట్టిన దృశ్యాన్ని దేశమంతా చూసిందంటే కారణం బూత్‌లో ఉన్న వెబ్‌కాస్టింగ్ కెమెరా. మీ బూత్‌లో కెమెరా ఏ మూల ఉంది, లైటు వెలుగుతోందా, ఎవరైనా గుడ్డ కప్పారా, గంటకోసారి చూడండి.

ఐదో అడుగు: సాయంత్రం, 17సీ

టైము అయ్యేసరికి క్యూలో ఎంతమంది ఉన్నారో వాళ్లందరికీ చివరి మనిషి దగ్గర్నుంచి మొదలుపెట్టి చీటీలు ఇస్తారు. ఎన్ని చీటీలు ఇచ్చారో రాసుకోండి. 2024లో ఆంధ్రప్రదేశ్‌లో చాలా బూత్‌లలో అర్ధరాత్రి దాటేదాకా ఓట్లు పడ్డాయి, అంతమంది ఎక్కడి నుంచి వచ్చారని తర్వాత గొడవ. ఆ బూత్‌లో ఏజెంటు దగ్గర "6 గంటలకు రిజిస్టర్‌లో 812, చీటీలు 143" అని రాసి ఉంటే గొడవ రెండు నిమిషాల్లో తేలిపోతుంది, ఎటు తేలినా సరే.

చివరి ఓటరు వేశాక క్లోజ్ నొక్కుతారు. తర్వాత ఫారం 17సీ మొదటి భాగం నింపుతారు. అందులో మెషిన్ నంబర్లు, రిజిస్టర్ ప్రకారం ఓటర్లు, సంతకం చేశాక వేయనన్నవాళ్లు, టెస్ట్ ఓట్లు, మెషిన్‌లో నమోదైన మొత్తం, టెండర్ ఓట్లు, సీలు నంబర్లు ఉంటాయి. ప్రిసైడింగ్ ఆఫీసర్ సంతకంతో దాని నకలు ప్రతి ఏజెంటుకూ ఇవ్వాలని రూలు. అడుక్కోవాల్సిన పనిలేదు, హక్కు. తీసుకోగానే మెషిన్ మొత్తాన్ని మీ నోటుబుక్కుతో పోల్చి చూసుకోండి. బయటికి రాగానే ఫోటో తీసి ఇద్దరికి పంపండి. ఆ కాగితం వానకు తడిసి సిరా చెదిరిపోవడం నేను చూశాను.

ఆరో అడుగు: స్ట్రాంగ్ రూమ్

ఓట్లు పడిన మెషిన్లను కౌంటింగ్ దాకా దాచే గది ఇది. దాని తలుపు మీద మీ అభ్యర్థి సీలు కూడా వేయొచ్చు. బయట సీసీటీవీ స్క్రీన్ చూస్తూ మీ మనుషులు వంతులవారీగా కూర్చోవచ్చు. తాళం చెవులు ఎవరి దగ్గర ఉన్నాయో రాసుకోండి, నవ్వకండి. తెలంగాణలోని ధర్మపురిలో 2018లో 441 ఓట్ల తేడాతో ఫలితం వచ్చింది. దాని మీద కేసులో 2023లో స్ట్రాంగ్ రూమ్ తెరవమని హైకోర్టు చెబితే తాళం చెవులు దొరకలేదు, తాళాలు పగలగొట్టాల్సి వచ్చింది.

ఏడో అడుగు: కౌంటింగ్ టేబుల్

కౌంటింగ్ ఏజెంటుకు నియామక పత్రం ఫారం 18. లోపలికి వెళ్లేటప్పుడు మీ టేబుల్‌కు వచ్చే బూత్‌ల 17సీ నకళ్లు వరసగా పెట్టుకోండి. కంట్రోల్ యూనిట్ టేబుల్ మీదికి రాగానే ఫలితం కోసం మెడ సాచకండి. ముందు మెషిన్ నంబరు 17సీతో కలవాలి. తర్వాత సీళ్లు చెక్కుచెదరకుండా ఉండాలి, సీలు నంబరూ కలవాలి. మూడోది, మొత్తం ఓట్లు కలవాలి. ఇవి మూడూ అయ్యాకే రిజల్ట్ బటన్. అభ్యర్థులవారీ లెక్కలు కూడి మొత్తంతో పోల్చండి. తేడా ఉంటే సూపర్‌వైజర్‌తో వాదన పెట్టుకోకుండా నియోజకవర్గం ఎన్నిక బాధ్యత చూసే రిటర్నింగ్ ఆఫీసర్‌కు కాగితం రాయండి.

చివర్లో ఒక్కో అసెంబ్లీ సెగ్మెంట్‌లో ఐదు బూత్‌లకు లాటరీ తీసి వీవీప్యాట్ చీటీలు లెక్కిస్తారు. మొదట్లో ఒక్క బూతే ఉండేది. చంద్రబాబు నాయుడు, ఇంకా 20 పార్టీల నేతలు కలిసి సగం బూత్‌లు లెక్కించాలని సుప్రీంకోర్టుకు వెళ్తే, 2019 ఏప్రిల్ 8న కోర్టు ఒకటిని ఐదు చేసింది. చాలామంది ఏజెంట్లు గెలుపోటములు తేలగానే ఈ లెక్క చూడకుండా బాణసంచా దగ్గరికో, ఇంటికో వెళ్లిపోతారు. మెషిన్‌కూ చీటీలకూ తేడా వస్తే చెల్లేది చీటీల లెక్కే.

కాగితం బ్యాలెట్లయితే గొడవలు ఉండవని అనుకునేవాళ్లు చండీగఢ్ చూడాలి. 2024 జనవరి 30న మేయర్ ఎన్నికలో ప్రిసైడింగ్ ఆఫీసరే ఎనిమిది బ్యాలెట్ల మీద గీతలు పెట్టి చెల్లవన్నాడు. ఎదురుగా కెమెరా ఉంది. ఫిబ్రవరి 20న సుప్రీంకోర్టు ఆ బ్యాలెట్లు తెప్పించుకుని చూసి ఫలితం తిరగరాసింది.

ఎనిమిదో అడుగు: ఫలితం తర్వాత

ఇక్కడ రోజుల లెక్క ముఖ్యం. రెండో, మూడో స్థానాల్లో వచ్చిన అభ్యర్థులు ఫలితం వచ్చిన 7 రోజుల్లో రాసిచ్చి, ఖర్చు కట్టి, అసెంబ్లీ సెగ్మెంట్‌కు 5 శాతం మెషిన్ల మైక్రోకంట్రోలర్లు (లోపలి చిప్‌లు) తనిఖీ చేయించుకోవచ్చు. తారుమారు తేలితే డబ్బు వెనక్కిస్తారు. 2024 ఏప్రిల్ 26 సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చిన వెసులుబాటు ఇది. ఏ బూత్‌ల మెషిన్లు అడగాలో చెప్పేది మీ నోటుబుక్కే. గుడ్డిగా అడిగితే డబ్బు దండగ.

ఎన్నిక చెల్లదని హైకోర్టులో పిటిషన్ వేయడానికి గడువు 45 రోజులు. అభ్యర్థే కాదు, ఆ నియోజకవర్గం ఓటరు కూడా వేయొచ్చు. ఒక్కరోజు దాటినా కోర్టు తీసుకోదు. పిటిషన్ లేకపోతే బూత్ సీసీటీవీ, వెబ్‌కాస్టింగ్ రికార్డులు 45 రోజుల తర్వాత చెరిపేయొచ్చని 2025లో ఎన్నికల సంఘం ఆదేశాలిచ్చింది. అందుకని ఫలితం వచ్చిన వారంలోపే ఫలానా బూత్, ఫలానా టైము నుంచి ఫలానా టైము దాకా రికార్డు భద్రపరచమని జిల్లా ఎన్నికల అధికారికి ఉత్తరం రాయండి. రెండు ప్రతులు తీసుకెళ్లి, ఒకటి ఇన్‌వార్డులో ఇచ్చి, రెండోదాని మీద స్టాంపు, తేదీ వేయించుకుని 17సీల కట్టతో పాటే పెట్టుకోండి.